బందెలదొడ్డి కంచెలో కంత

సీవాల్ అల్లిన కంచెలో పిల్లి కూడా దూరదని ఆల్డర్‌కోట్ ఊరంతా చెప్పుకునేది. ఆ మాట వినడమంటే అతనికి ప్రాణం. పైకి మాత్రం "ఆఁ, ఏదో చేతనైనంత" అంటూ మెడలోని కొమ్ముబూరను సవరించుకునేవాడు. దొరగారి పొలాలకు అతను కంచెల కాపరి. చేలల్లో పశువులు పడకుండా చూడడం, కంచెలు కట్టడం, ఊళ్లో ఏదైనా ఘోరం జరిగితే బూర ఊది జనాన్ని లేపడం అతని పని. కట్టిన కంచెలన్నిటిలోనూ అతనికి ముద్దొచ్చేది బందెలదొడ్డి వెనక ఉన్నది. దొడ్డికి రెండు పక్కలా రాతిగోడలు, ముందు తలుపు, వెనక ఈ కంచె. ముళ్లచెట్ల కాండాలను సగానికి నరికి, వంచి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, మధ్యమధ్య గుంజలు పాతి, పైన బెత్తాలతో జడలా అల్లాడు. అందుకు కొన్ని చలికాలాలు పట్టాయి. పనేమీ లేకపోయినా అటు వెళ్లి ఓసారి చూసుకుని వచ్చేవాడు.

"అన్నా, నువ్వెందుకు పెళ్లి చేసుకోలేదో నాకిప్పుడు తెలిసింది," అని అతని చెల్లెలు గునిల్డా ఏడిపించేది. "ఇంట్లో ముల్లెందుకు, బయటే బోలెడున్నాయని."

గునిల్డా మొగుడు హామో ఇళ్లకు గడ్డి కప్పేవాడు. కప్పుమీద కూర్చుని నవ్వితే వీధి చివరిదాకా వినపడేది. ఆ నవ్వే అతని పీకల మీదికి తెచ్చింది. దొరగారి మందలను చూసుకునే వారిన్ ఒక ఆదివారం చర్చి ముందు గుర్రం మీంచి బురదలో పడ్డాడు. ఊరంతా నవ్వు ఆపుకుంది. హామో ఆపుకోలేకపోయాడు. ఆనాటి నుంచి హామో గొర్రె దారి వెంట నడిచినా సరే, చేలో పడిందని వారిన్ దాన్ని తోలుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టేవాడు.

కోతలైపోయాక ఒక సాయంత్రం. ఆకు కూడా కదలడం లేదు. సీవాల్ కంచె వెనకపక్క, దొడ్డికి బయట, వంకకత్తితో దురదగొండి మొక్కలు కోస్తున్నాడు. లోపల మాటలు వినపడ్డాయి.

"నా గొర్రె చేలో పడిందా?" అది హామో గొంతు. "దానికి కాలు విరిగింది, వారిన్. పాపం చర్చికి కూడా రావడం లేదు."

"నవ్వు. ఇంకోసారి నవ్వు, చూస్తాను."

తలుపు దభీమని పడింది. అడ్డగడియ వేసిన చప్పుడైంది. ఆ వెంటనే కర్ర మనిషి ఒంటిమీద పడే చప్పుడు. వారిన్ తాగి ఉన్నాడని మాట ముద్దగా రావడంతోనే తెలుస్తోంది.

"ఒరే, ఆగరా! చెయ్యి విరిగింది, ఆగు!" అని అరిచాడు హామో. తరవాత, "బావా! సీవాల్ బావా!" అన్నాడు.

సీవాల్ అక్కడున్నట్టు హామోకు తెలియదు. ఆపదలో అతని నోటికి వచ్చిన పేరది. చేతిలో కత్తి ఉంది, ఎదురుగా కంచె ఉంది. సీవాల్ కత్తి ఎత్తాడు. ఎత్తి ఆగాడు. కంచె తెగితే పని ఊడుతుందని దొరగారి పెత్తందారు మొన్ననే చెప్పాడు. తాగిన వారిన్ ముందుకు వెళ్లడానికి భయం వేసింది. ఈ రెండూ నిజమే. కానీ అసలు సంగతి చెప్పాలంటే, ఆ కాండాల మీద కత్తి వెయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు. పల్చగా ఉన్న చోటు చూసి దూరదామని కంచె పొడుగునా అటూ ఇటూ తిరిగాడు. ఒక్క చోటా పల్చన లేదు, కట్టినవాడు అతనే మరి.

"బావా!" అని మళ్లీ పిలుపు వచ్చింది. ఆ తరవాత మనిషిని పిలిచే అరుపు కాదు, దెబ్బ తిన్న జంతువు అరుపు. అప్పుడు నరకడం మొదలుపెట్టాడు.

అతను ముళ్లు చీల్చుకుంటూ లోపలికి వచ్చేసరికి వారిన్ వెల్లకిలా పడి ఉన్నాడు. రొట్టె కోసుకునే చాకు పక్కటెముకల కింద పిడిదాకా దిగి ఉంది. హామో కంచెకు వీపు ఆనించి, ముళ్లలో కూరుకుపోయి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి వేలాడుతోంది.

"చచ్చాడా, బావా?"

"చచ్చాడు."

"గడియ వేశాడు బావా. వెనక్కి, వెనక్కి వచ్చాను. నీ కంచె తగిలింది. ఇంకెటు పోను?" హామో పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "నువ్వు బూర ఊదు. మొదట చూసినవాడు ఊదకపోతే నిన్నూ పట్టుకుంటారు."

ఆ స్థితిలోనూ బావ గురించి ఆలోచించిన మనిషి అతను. సీవాల్ బూర ఊదాడు. హామో కుంటి గొర్రె వాళ్లిద్దరినీ దాటుకుని, కొత్తగా పడ్డ కంతలోంచి నింపాదిగా బయటికి నడిచింది. దాని ఉన్ని కాస్త ముళ్లకు చిక్కుకుని అక్కడే ఉండిపోయింది.

జనం పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు గునిల్డా వచ్చింది. మొగుడి మొహం చూసి, కింద పడ్డవాణ్ణి చూసి, ఒక్క క్షణం కూడా ఏడవలేదు.

"చర్చిలోకి పో! ఊఁ, నడు! చర్చిలో ఉన్నవాణ్ణి ఎవరూ ముట్టుకోరు. దేశం విడిచి పొమ్మంటారు, అంతే కదా. పోదాం. గడ్డి కప్పే ఇళ్లు ఎక్కడైనా ఉంటాయి."

హామో కదలబోయాడు. సీవాల్ అతని భుజం పట్టుకుని ఆపాడు.

"పారిపోతే తప్పు ఒప్పుకున్నట్టే. ఇల్లూ గొర్రెలూ గిన్నెలూ అన్నీ రాజుకు పోతాయి. ఎందుకు పోవాలి? గడియ వేసి కొట్టాడు. వెనక కంచె. తప్పించుకునే దారి లేక పొడిచినవాడికి ఉరి లేదు, రాజుగారి మన్నింపు వస్తుంది. ఎన్ని చూడలేదు?"

"నిజమేనా, అన్నా?" అంది గునిల్డా.

"నేనున్నానుగా."

హామో నవ్వడానికి ప్రయత్నించాడు. "విన్నావా? మా బావ కంచెలో పిల్లి కూడా దూరదని రాజుకూ తెలుసు," అన్నాడు. చర్చి రాయి విసిరితే పడేంత దూరంలో ఉంది. హామో అటు వెళ్లలేదు. ఆ సాయంత్రమే అతన్ని పట్నంలో కోట జైలుకు తీసుకెళ్లారు. జైల్లో తిండి పెట్టరు కాబట్టి గునిల్డా రొట్టెలు మూటకట్టుకుని వెనకే వెళ్లింది.

శవాన్ని కదపకూడదు. రాజుగారి తరఫున పంచనామా చేసే దొర వచ్చి చూసేదాకా ఊరివాళ్లు వంతులవారీగా కాపలా ఉండాలి. మర్నాడు పొద్దున సీవాల్ వంతు వచ్చింది. ఎండ నేరుగా కంత మీద పడింది. నరికిన కొసలు తెల్లగా మెరుస్తున్నాయి. అంత లావు కాండాలు నరకడానికి ఎంతసేపు పడుతుందో ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. అంతసేపూ వింటూనే ఉన్నావా, ఇంకాస్త ముందు ఎందుకు మొదలెట్టలేదని అడుగుతారు. ఎవరూ అడగకపోయినా గునిల్డా అడుగుతుంది. అతను వంగి బురద తీసి, కొస కొసకూ పూశాడు. పైన ఎండుటాకులు దూర్చాడు. పాత కంతలా కనిపించేట్టు చెయ్యడం అతనికి నేర్పాలా! బుద్ధి ఎటు పోయిందో గాని, ఆ పని కూడా ఎంతో శ్రద్ధగా చేశాడు.

పంచనామా దొర వానలో తడిసి, ఆకలి మీద వచ్చాడు. గాయంలో వేలు పెట్టి చూశాడు. గోడలు చూశాడు, తలుపు చూశాడు, కంత దగ్గర ఆగాడు.

"మొదట చూసినవాడు ఎవడు?"

"నేనండి, సీవాల్‌ని." సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టించారు.

"తలుపుకు లోపల గడియ ఉందన్నారు. నువ్వెలా వచ్చావు?"

ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. నరికి వచ్చాననడానికి ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. దాని వెనకే రాబోయే ప్రశ్న కనపడి అది అక్కడే ఆగిపోయింది.

"ఆ కంతలోంచి, దొరా."

"అది ఎప్పటిది?"

"పాతదే. గొర్రెలు చేసుకున్నవి."

దొర ముళ్లకున్న ఉన్ని వేళ్లతో లాగి చూసి తల ఊపాడు. కంచెల కాపరి నోటి నుంచి తన కంచెలో కంత ఉందన్న మాట వస్తే ఎవరు మాత్రం నమ్మరు? జనంలో ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు గాని, చలికి అందరికీ ఇంటికి పోవాలనుంది.

దొర వెళ్లాక సీవాల్ ముసలి ఓస్బర్ట్‌ను పట్టుకున్నాడు. ముందు ముందు జరిగే విచారణలో తీర్పు చెప్పే పన్నెండుగురు ఊరి పెద్దలకూ ఓస్బర్టే పెద్ద.

"మామా, ఆ కంత సంగతి ఏమైనా అడ్డం వస్తుందంటావా?"

"ఏం కంతరా? ఇన్నేళ్లలో ఎంతమందిని దింపాం ఉరితాడు మీంచి. అందరికీ వెనక గోడే, పక్కన వాగే. ఒక్కడికైనా పారిపోయే దారి ఉందని చెప్పామా? హామోకు నిజంగానే లేదు. ఇది ఇంకా తేలిక. పోయి పడుకో."

సీవాల్ ఆ మాట పట్టుకుని చలికాలమంతా గడిపాడు. గునిల్డా జైలుకు వెళ్లి వచ్చినప్పుడల్లా అతని గడప దగ్గర ఆగి కబుర్లు చెప్పేది. చెయ్యి వంకరగా అతుక్కుందట. జైల్లో ఎలుకలకు పేర్లు పెట్టాడట, లావుగా ఉన్నదానికి వారిన్ అని. చెప్తూ నవ్వేది, నవ్వుతూ కళ్లు తుడుచుకునేది. సీవాల్ ఆమెకు తన పిండిలో సగం ఇచ్చేవాడు. నిజం మాత్రం ఇవ్వలేకపోయాడు.

ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో న్యాయమూర్తి కోటకు వచ్చాడు. దొంగలను, హంతకులను వరసగా నిలబెట్టి, ఒక పొద్దులోనే అందరినీ తేల్చేస్తున్నాడు. హామో చిక్కి సగమయ్యాడు. జనంలో గునిల్డాను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

ఓస్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, వారిన్ కర్రతో హామోను చావబాదాడు. హామో వెనక్కి తగ్గి, తగ్గి కంచెకు ఆనుకున్నాడు. రెండు పక్కలా గోడ, ముందు గడియ. ఎటూ దారి లేక, ప్రాణం దక్కించుకోవడానికి ఒక్క పోటు పొడిచాడు."

న్యాయమూర్తి కుర్చీలో వెనక్కి వాలాడు. "పొద్దున్నుంచి ఇది ఎన్నోసారో! ఈ జిల్లాలో ఇళ్లకు గోడలే గాని తలుపులుండవేమో. ఒక్కడు, ఒక్కడైనా దారి ఉన్నచోట హత్య చేస్తే చూడాలనుంది."

అంతా నవ్వారు. పంచనామా దొర లేచాడు. "ఇదిగో, చూడండి. ఆ కంచెలో కంత నేను కళ్లారా చూశాను. గొర్రెలు దూరే పాత కంత. ఉన్ని అంటుకుని ఉంది. మొదట చూసినవాడు ప్రమాణం చేసి మరీ చెప్పాడు. గొర్రె దూరిన చోట మనిషి దూరలేడా?"

"అబద్ధం!" హామో అరిచాడు. "కంత లేదు. ముళ్లు నా వీపులో దిగాయి. ఆ కంత మా బావ వచ్చేటప్పుడు నరికింది. అడగండి! బావా, చెప్పు!"

సీవాల్ ముందుకు వచ్చాడు. ఈసారి చెప్పాడు. కంత సంగతంతా చెప్పాడు. కంత తాను నరికిందేనని, బురద తానే పూశానని, ఉన్ని ఆ తరవాత వెళ్లిన గొర్రెదని.

"బురద పూశావా! ఎందుకు?"

"సిగ్గేసి."

ఈ నవ్వు ముందటి దానికంటే పెద్దది. న్యాయమూర్తి మాత్రం నవ్వలేదు. "హామో నీకేమవుతాడు?"

"చెల్లెలి మొగుడు."

"సువార్త మీద చెయ్యి పెట్టి ఆనాడు ఒకటి చెప్పావు. ఈనాడు చెల్లెలి కోసం ఇంకోటి చెబుతున్నావు. నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కాని ఈ గదిలో ఈ కథ నేను ఎన్నోసార్లు విన్నాను, ప్రతివాడూ ప్రమాణం చేసే చెప్పాడు. నిన్ను నమ్మాలంటే వాళ్లందరినీ నమ్మాలి." అతను ఓస్బర్ట్ వైపు తిరిగాడు. "పెద్దాయనా, మళ్లీ అడుగుతున్నాను. అబద్ధపు తీర్పు చెప్పిన పెద్దల్ని జైల్లో పెట్టిన సంగతి తెలుసుగా. కంత ఉందా, లేదా?"

ఓస్బర్ట్ తల దించుకున్నాడు.

"ఉందయ్యా," అన్నాడు ముసలాయన.

గునిల్డా అక్కడే నేల మీద కూలబడింది. కావలివాళ్లు హామోను పక్కకు తిప్పారు. ఉరి ఆ రోజే, ఆ పూటే. వాళ్లు సీవాల్ ముందునుంచి తీసుకుపోతుంటే హామో ఆగాడు. అతని మొహంలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"బావా, ఒక్కటి అడుగుతాను. నేను పిలిచాను, ఆ రోజు. నీ పేరు పెట్టి పిలిచాను. విన్నావా?"

సీవాల్ అతని కళ్లలోకి చూశాడు. విన్నానంటే ఆ మనిషి ఏం మోసుకుని తాడు దగ్గరికి వెళ్తాడో తెలుసు. వినలేదంటే తనకెంత సుఖమో అదీ తెలుసు. దేనికోసం చెప్పాడో అతనికి చచ్చేదాకా తేలలేదు.

"సరిగ్గా వినపడలేదు, బావా. ఆ రోజు గాలి."

"అదే అనుకున్నాను," అన్నాడు హామో. అతని భుజాలు కాస్త దిగాయి. పక్కనే కూలబడి ఉన్న గునిల్డా వైపు చూశాడు. "విని ఉంటే వచ్చేవాడివే. దీన్ని జాగ్రత్తగా చూసుకో."

సీవాల్ కోట గోడ పక్కన నిలబడ్డాడు. ఉరికొయ్య వైపు చూడలేదు. చర్చిలోకి పోమని గునిల్డా అంది. భుజం పట్టుకుని ఆపింది తనే. ఆ చెయ్యి వైపు చాలాసేపు చూశాడు.

ఇల్లూ గొర్రెలూ గిన్నెలూ రాజుగారికే పోయాయి. చివరికి ఆ కుంటి గొర్రెను కూడా తోలుకుపోయారు. గునిల్డా అన్న పంచన చేరింది. అతన్ని ఒక్క మాట అనలేదు. బురద పూసినందుకు మొదట్లో కొన్నాళ్లు మాట్లాడలేదు. తరవాత ఒక రోజు జావ గిన్నె అతని ముందు పెడుతూ, "భయపడ్డావు. ఎవరైనా భయపడతారు," అంది. "నువ్వు వినలేదని తెలుసుకునే ఆయన పోయాడు. నాకది చాలు." ఆ రాత్రి సీవాల్ ఆ జావ తాగకుండానే లేచాడు.

ఎండలు రాకముందు దొరగారి పెత్తందారు కబురు పెట్టాడు. బందెలదొడ్డి కంత పూడ్చమని. కంచె నరికినందుకు సీవాల్‌కు శిక్షేమీ లేదు. చట్టం ప్రకారం దాన్ని చేసింది గొర్రెలు కదా! పని కూడా ఊడలేదు. ఏ పని పోతుందని అతను వణికాడో ఆ పని చేతిలో అలాగే ఉంది.

గుంజలు పాతాడు. కాండాలు వంచి కట్టాడు. బెత్తాలు అల్లాడు. వేళ్లు వాటంతటవే ఆ పని చేసుకుపోయాయి. ఆ రోజు కొండ మీంచి ఈదురుగాలి. ముళ్లకొమ్మలు ఒకదానికొకటి రాసుకుని హోరెత్తుతున్నాయి. కంత పూర్తిగా మూసుకుపోయి, అటుపక్క వెలుతురు కూడా కనిపించకుండా అయ్యాక అతను నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా."

దొడ్డి లోపలి నుంచి వచ్చింది ఆ పిలుపు. అరుపు కాదు. పొయ్యి దగ్గర కూర్చుని పక్కవాళ్లను పిలిచినట్టు పిలిచింది, అంతే.

"ఊఁ, ఏమ్మా?" అన్నాడు సీవాల్, అలవాటుగా.

గాలి వీస్తూనే ఉంది. అప్పుడు అతనికి అర్థమైంది, ఆమె ఎక్కడ నిలబడి పిలిచిందో. హామో వీపు ఆనిన చోటు అది.

"ఇంత గాలిలో," అంది గునిల్డా, "ఇంత మెల్లగా పిలిచినా వినపడుతోందే."

దొడ్డి తలుపు గడియ తీసిన చప్పుడైంది. అడుగులు వీధి వైపు వెళ్లిపోయాయి. ఆమె వెనక పరిగెత్తాలనిపించింది. కాని మధ్యలో కంచె ఉంది, అందులో దూరడానికి ఎక్కడా దారి లేదు.